పసిపేగుకు చిల్లు పడకముందే



బిడ్డ పుట్టగానే ఏడుస్తుంది. ఆ ఏడుపుతో గాలి ఊపిరితిత్తుల్లోకే కాదు, కడుపులోకీ పోతుంది. కొన్ని గంటల్లో చిన్నపేగుకు చేరుతుంది. ఒక రోజు తిరిగేసరికి పెద్దపేగు కొసదాకా వెళ్తుంది. పిల్లల డాక్టర్లు ఎక్స్‌రే తీయించినప్పుడు ముందుగా వెతికేది ఈ గాలినే. అది పేగు లోపల ఉంటే సరే. పేగు దాటి పొట్ట ఖాళీలోకి వచ్చి, కాలేయానికీ పొట్టగోడకూ మధ్య నల్లటి పొరలా కనబడితే, ఎక్కడో పేగుకు చిల్లు పడినట్టే.

ఆ మాట చెప్పగానే ఇంటివాళ్లకు నమ్మబుద్ధి కాదు. నాలుగు రోజుల పసిగుడ్డు, పాలచుక్క తప్ప ఏమీ ఎరగదు. పేగుకు చిల్లు ఎట్లా పడుతుందని అడుగుతారు. దిష్టి తగిలిందంటుంది ఒక పెద్దమ్మ. బాలింత పథ్యం తప్పిందంటుంది మరొకామె. రెండూ కావు. ఈ చిల్లుకు తెలిసిన కారణాలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ముందుగా కనబడే గుర్తులూ ఉన్నాయి. బిడ్డ బతుకు చాలావరకు ఆ గంటల్లోనే తేలిపోతుంది.

సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. 2018లో ఇక్కడ సర్కారు మెడికల్ కాలేజీ మొదలైంది. దుబ్బాక, హుస్నాబాద్, చేర్యాల వైపు పల్లెల నుంచి పురుళ్లకు, పసిపిల్లల జబ్బులకు జనం పట్నం దవాఖానకే వస్తారు. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన బిడ్డలను ఉంచే ప్రత్యేక విభాగాన్ని డాక్టర్లు ఎస్‌ఎన్‌సీయూ అంటారు. జిల్లా దవాఖానల్లో ఇలాంటి విభాగాలకు బాట వేసింది పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా. 2003లో అక్కడ మొదలైన పద్ధతి తర్వాత దేశమంతా వ్యాపించింది. వెచ్చగా ఉంచే రేడియంట్ వార్మర్లు, ఆక్సిజన్, రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండే నర్సులు ఇప్పుడు జిల్లా కేంద్రంలోనే దొరుకుతున్నారు. కిలోన్నర బిడ్డకు పొట్ట ఉబ్బడం మొదలైతే మొదట కనిపెట్టేది కూడా ఆ నర్సే.

ఇక కారణాలు. మొదటిది, పుట్టుకతోనే దారి మూసుకుపోవడం. కొందరు బిడ్డలకు మలద్వారమే ఏర్పడదు. సుమారు 5,000 కాన్పుల్లో ఒకరికి ఈ లోపం ఉంటుంది. బొడ్డు కోసి, తుడిచి, తూకం వేసేటప్పుడు కాళ్లు పైకెత్తి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. చూడకపోతే రెండు మూడు రోజులు గడుస్తాయి. లోపలికి పోయిన గాలీ పాలూ వెనక్కి వెళ్లలేక, ముందుకు పోలేక పేగును ఉబ్బిస్తాయి. ఆ ఒత్తిడికి పేగు గోడకు రక్తం అందక, ఏదో ఒకచోట అది చిట్లుతుంది. మరికొందరిలో పేగు మధ్యలో తెగినట్టుగా, అతుకు లేకుండా ఏర్పడుతుంది. ఆ లోపం వల్ల తల్లి కడుపులో ఉండగానే చిల్లు పడిన బిడ్డలూ ఉన్నారు. పిండం పేగులో అప్పటికి సూక్ష్మజీవులు ఉండవు. అందుకే బయటికి వచ్చిన మలం చీము పట్టకుండా అక్కడే గట్టిపడి, సున్నపు మచ్చలుగా మిగులుతుంది. పుట్టాక తీసిన ఎక్స్‌రేలో ఆ మచ్చలు పాత కథంతా చెబుతాయి.

ఇదే వరుసలోది హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు. డెన్మార్క్ పిల్లల డాక్టరు హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో బెర్లిన్ వైద్య సభలో దీన్ని వివరించాడు. పెద్దపేగు కొసభాగంలో నరాల కణాలు లేకపోవడం ఈ జబ్బుకు మూలం. నరాలు లేని ఆ ముక్క బిగుసుకుని ఉంటుంది, దాని పైభాగం ఉబ్బుతుంది. ఇదీ సుమారు 5,000 మందిలో ఒకరికి వస్తుంది. నెలలు నిండిన బిడ్డల్లో నూటికి 95 మంది దాకా 24 గంటల్లోపే తొలి నల్ల విరేచనం చేస్తారు. చేయని బిడ్డను అనుమానంగా చూడాలి.

మన ఇళ్లలో తప్పు దారి మొదలయ్యేది ఇక్కడే. బిడ్డకు విరేచనం కాలేదంటే తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి వెనక దారిలో పెట్టడం తెలుగు పల్లెల్లో పాత అలవాటు. పెట్టగానే కొంచెం మలం వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నరాలు లేని పేగు మాత్రం అట్లాగే ఉంటుంది. తొడిమతో వచ్చిన ఆ కాస్త మలం అసలు జబ్బును వారం పది రోజులు దాచిపెడుతుంది. ఈలోగా పేగు కుళ్లి, జ్వరం పట్టి, పొట్ట డోలులా బిగిసిన తర్వాత దవాఖానకు తెస్తారు. చుక్క ఆముదం తాపడం, పొట్టమీద వాతలు పెట్టడం ఇలాంటివే. వీటివల్ల పేగు బాగుపడదు. ఉన్న సమయం మాత్రం పోతుంది.

రెండో కారణం పేగు మెలిపడటం. గర్భంలో పేగు తన చోటికి వచ్చి సర్దుకునేటప్పుడు తిరగవలసిన మలుపు తిరగకపోతే, పుట్టాక అది తన చుట్టూ తానే మెలిపడవచ్చు. రక్తనాళం నులిపడితే కొన్ని గంటల్లోనే పేగు చచ్చిపోతుంది. బిడ్డ అంతవరకు బాగానే పాలు తాగుతుంది. ఒక్కసారిగా ఆకుపసరు రంగులో కక్కుతుంది. పాలు కక్కడం పసిపిల్లలకు మామూలే. పచ్చగా, పసరులా కక్కడం మాత్రం మామూలు కాదు. అది పైత్యరసం, పేగులో అడ్డు ఉందని చెప్పే రంగు. బోస్టన్ సర్జన్ విలియం లాడ్ 1936లో రాసిన ఆపరేషన్ పద్ధతినే ఈ జబ్బుకు ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. సమయానికి మెలి విప్పితే పేగంతా దక్కుతుంది. ఆలస్యమైతే మొత్తం నల్లబడి కనబడుతుంది.

మూడో కారణమే అన్నిటికన్నా పెద్దది. నెలలు నిండని బిడ్డల్లో వచ్చే పేగు కుళ్లు జబ్బు ఇది. డాక్టర్లు నెక్రోటైజింగ్ ఎంటరోకొలైటిస్ అంటారు, వార్డులో ఎన్‌ఈసీ అని పిలుస్తారు. 2020లో భారతదేశంలో సుమారు 30 లక్షల మంది బిడ్డలు నెలలు నిండకుండా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మరే దేశంలోనూ ఇంతమంది లేరు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదని ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. కడుపులో గడిపిన ప్రతి వారమూ పేగుకు బలమే. చివరి మూడు నెలల్లోనే చిన్నపేగు పొడవు దాదాపు రెట్టింపు అవుతుంది. ఆరున్నర నెలలకే బయటపడిన బిడ్డ పేగు గోడ ఉల్లిపొరంత పలుచన. దానికి రక్తం సరిగా అందకపోయినా, పుట్టేటప్పుడు ఊపిరాడకపోయినా, సూక్ష్మజీవులు గోడలోకి దిగినా వాపు మొదలై, గోడలో గాలి బుడగలు పుట్టి, చివరికి చిల్లు పడుతుంది. కిలోన్నరకన్నా తక్కువ బరువున్న బిడ్డల్లో నూటికి అయిదు నుంచి పది మందికి ఈ జబ్బు రావచ్చు. చాలా చిన్న బిడ్డల్లో ఇది రెండు మూడు వారాల వయసులో, అంతా బాగుందనుకునే వేళ వస్తుంది. తాగిన పాలు అరగక గొట్టంలోంచి వెనక్కి వస్తాయి, పొట్ట ఉబ్బుతుంది, విరేచనంలో నెత్తురు కనబడుతుంది.

నాలుగోది కిలోకన్నా తక్కువ బరువున్న బిడ్డల్లో కనబడుతుంది. మిగతా పేగంతా బాగానే ఉండగా, చిన్నపేగు చివరలో ఒక్కచోటే చిల్లు పడుతుంది. పుట్టిన మొదటి వారం, పది రోజుల్లో, కొన్నిసార్లు పాలు పట్టకముందే ఇది జరుగుతుంది. ఇందులో మందుల పాత్రను వైద్యులు తమ సొంత పరీక్షల్లోనే తెలుసుకున్నారు. అమెరికాలో చాలా చిన్న బిడ్డల ఊపిరితిత్తులను కాపాడాలని డెక్సామెథసోన్ ఇచ్చి చూసిన అధ్యయనం 2001లో అచ్చయింది. మందు తీసుకున్న బిడ్డల్లో నూటికి 13 మందికి, తీసుకోనివారిలో నలుగురికి పేగుకు చిల్లు పడింది. గుండె దగ్గరి నాళం మూయడానికి ఇచ్చే ఇండోమెథసిన్ దీనికి తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాత పుట్టిన తొలి రోజుల్లో డెక్సామెథసోన్ వాడకం బాగా తగ్గింది.

జీర్ణాశయానికి చిల్లు పడటం, గొట్టాల వల్ల గాయం కావడం వంటివీ ఉన్నాయి గానీ అవి అరుదు.

ఇప్పుడు ఆపరేషన్ కోసం వెళ్లే దారి సంగతి. సిద్దిపేట నుంచి హైదరాబాద్ రాజీవ్ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు. కుకునూరుపల్లి, ప్రజ్ఞాపూర్, గౌరారం, శామీర్‌పేట దాటితే నగరం. పెద్దవాళ్లకు అదొక ప్రయాణం మాత్రమే. చిల్లుపడిన పేగుతో ఉన్న రెండు కిలోల బిడ్డకు అది చికిత్స ఆగకూడని సమయం. బయలుదేరేముందే జరగాల్సిన పనులు నాలుగు. నోటి పాలు పూర్తిగా ఆపాలి. ముక్కులోంచో నోట్లోంచో గొట్టం వేసి పొట్టలోని గాలినీ పసరునూ బయటికి తీస్తుండాలి. సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఒళ్లు వెచ్చగా ఉంచాలి. ఈ నాలుగో పని చిన్నదిగా కనబడుతుంది. కిలోన్నరలోపు బిడ్డల మీద అమెరికాలో జరిగి 2007లో అచ్చయిన అధ్యయనంలో, దవాఖానలో చేరేటప్పటికి ఒళ్లు ఒక్కో డిగ్రీ సెల్సియస్ చల్లబడినకొద్దీ మరణ ప్రమాదం 28 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. వెచ్చబెట్టే పరికరం లేని బండిలోనైనా తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, తలకు టోపీ తొడిగి, పైన దుప్పటి కప్పవచ్చు. తల్లి లేవలేని స్థితిలో ఉంటే తండ్రో అమ్మమ్మో ఆ పని చేయవచ్చు.

ఆ దారి చివర చాలామందికి తెలిసిన పేరు రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ దవాఖాన. దాని పుట్టుక వెనక కూడా ఒక కాన్పు విషాదం ఉంది. నిజాం ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మొఅజ్జం జా భార్య నీలోఫర్, టర్కీ ఉస్మానియా రాజవంశంలో పుట్టిన ఆడబిడ్డ. 1949లో ఆమె దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి తల్లీబిడ్డల కోసం ప్రత్యేక దవాఖాన కావాలన్న పట్టుదల పుట్టింది. 1953లో నీలోఫర్ ఆస్పత్రి తెరుచుకుంది. తెలంగాణ జిల్లాల నుంచి ఆపరేషన్ కావాల్సిన పసిబిడ్డలు ఈరోజుకీ అక్కడికి వస్తూనే ఉన్నారు.

పేగు చిల్లుకు చేసే ఆపరేషన్ చరిత్ర మరీ పాతదేమీ కాదు. పసిబిడ్డల పేగు చిల్లుల మీద 1939లో 85 కేసులను ఒకచోట చేర్చి అచ్చువేసినప్పుడు, అది దాదాపు మరణాల జాబితా. చిన్నపేగుకు చిల్లుపడిన పసిబిడ్డకు ఆపరేషన్ చేసి బతికించిన కథనం అమెరికా వైద్య పత్రికలో 1943లో వచ్చింది. కోత తట్టుకోలేని అతిచిన్న బిడ్డలకు పొట్టలోకి సన్నని రబ్బరు గొట్టం వేసి మురికిని బయటికి పంపే పద్ధతిని టొరంటో డాక్టర్లు 1977లో ప్రకటించారు. కోతా, గొట్టమా అన్న చర్చ ఇంకా తెగలేదు. 2006లో అచ్చయిన పరీక్షలో, 117 మంది బిడ్డల్లో మరణాలు రెండు పద్ధతుల్లోనూ దాదాపు సమానం. నూటికి 35 మంది వరకు చనిపోయారు. 2021లో కిలోలోపు బరువున్న 310 మంది బిడ్డల మీద వచ్చిన పెద్ద పరీక్షలోనూ మొత్తమ్మీద తేడా కనబడలేదు. అయితే జబ్బు ఎన్‌ఈసీ అని ముందే అనుకున్న బిడ్డల్లో కోత వైపు కొంత మొగ్గు కనిపించింది.

ఆపరేషన్ బల్ల మీద సర్జన్ చూసేది రెండు సంగతులు. చచ్చిన పేగు ఎంత, బతికిన పేగు ఎంత. పాడైన ముక్క కోసేసి, మిగిలిన కొసలను చాలాసార్లు వెంటనే కలపరు. పేగు కొసను పొట్ట మీదకు తెచ్చి తాత్కాలికంగా మలానికి దారి చేస్తారు. కొన్ని వారాలకో నెలలకో బిడ్డ బరువు పెరిగాక మళ్లీ ఆపరేషన్ చేసి లోపల కలుపుతారు. పొట్ట మీద ఎర్రటి పేగు చూసి తల్లులు హడలిపోతారు. సంచి కట్టడం, చుట్టూ చర్మం ఒరుసుకుపోకుండా చూసుకోవడం నర్సు దగ్గర నేర్చుకున్న తల్లి ఇంటికెళ్లి ధైర్యంగా సాకుతుంది.

ఫలితాలు జబ్బును బట్టి, బరువును బట్టి మారతాయి. మలద్వారం లేని బిడ్డను పేగు చిట్లకముందే తెస్తే బతికే అవకాశాలు చాలా బాగుంటాయి. ఒకేచోట చిల్లుపడే రకంలో పేగు ఎక్కువ పోదు. ఎన్‌ఈసీ మాత్రం కఠినం. సంపన్న దేశాల అధ్యయనాలను కలిపి 2020లో వేసిన లెక్క ప్రకారం, ఖాయంగా ఎన్‌ఈసీ వచ్చిన బిడ్డల్లో నూటికి 23 మంది పైచిలుకు చనిపోయారు. ఆపరేషన్ దాకా వెళ్లినవారిలో 34 మంది పైచిలుకు. ఆపరేషన్ పడిన కిలోలోపు బిడ్డల్లో సగం మంది. బతికినవారిలో కొందరికి పేగు ఇరుకై మళ్లీ కడుపుబ్బు వస్తుంది. ఎక్కువ పేగు పోయినవారికి నోటితో తిన్నది ఒంటబట్టదు, నెలల తరబడి రక్తనాళం గుండా పోషణ ఇవ్వాలి. నెలలు నిండని బిడ్డ పేగుకు ఇంకా పెరిగే గుణం ఉంటుంది కాబట్టి, మిగిలింది కొద్దిగానే అయినా కాలం గడిచేకొద్దీ అలవాటు పడుతుంది. నడక, మాట, చూపు, వినికిడి ఆలస్యమవుతున్నాయేమో ఏళ్ల తరబడి చూపిస్తూ ఉండాలి. పొట్ట గాయం మానిందని అక్కడితో వదిలేయకూడదు.

ఇంత కఠినమైన జబ్బుకు అందుబాటులో ఉన్న గట్టి రక్షణ తల్లిపాలు. లూకాస్, కోల్ అనే ఇద్దరు బ్రిటన్ పరిశోధకులు 926 మంది నెలలు నిండని బిడ్డలను పరిశీలించి 1990లో లాన్సెట్ పత్రికలో రాశారు. తల్లిపాలు మాత్రమే తాగినవారితో పోలిస్తే, డబ్బాపాలు మాత్రమే తాగినవారిలో ఎన్‌ఈసీ ఆరు నుంచి పది రెట్లు ఎక్కువ. ముప్ఫై వారాలు దాటి పుట్టినవారిలో అయితే ఈ తేడా ఇరవై రెట్లు. ముర్రుపాలను పిండి పారబోసే అలవాటు ఉన్న ఇంట్లో ఈ ఒక్క లెక్క చదివి వినిపించినా చాలు. పాలు పడని తల్లులకు తల్లిపాల బ్యాంకులున్నాయి. 1989లో ముంబయి సియోన్ ఆస్పత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ ఆసియాలో మొదటి బ్యాంకును ప్రారంభించారు. హైదరాబాద్ నీలోఫర్‌లో 2017లో ధాత్రి తల్లిపాల బ్యాంకు వచ్చింది. అక్కడ దాతల పాలను వేడిచేసి శుద్ధిచేసి, తల్లిపాలు అందని చిన్న బిడ్డలకు పడతారు.

రెండో రక్షణ కాన్పుకు ముందే ఉంది. న్యూజిలాండ్ డాక్టర్లు లిగ్గిన్స్, హోవీ 1972లో చూపినట్టు, నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన తల్లికి స్టెరాయిడ్ సూదులు వేస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. తర్వాతి అధ్యయనాల్లో పేగు జబ్బు కూడా సగానికి దగ్గరగా తగ్గినట్టు తేలింది. బిడ్డకు పుట్టాక ఇస్తే పేగుకు ముప్పు తెచ్చిన డెక్సామెథసోన్ కూడా ఇలాంటి స్టెరాయిడే. తల్లికి కాన్పుకు ముందు ఇస్తే మాత్రం బిడ్డకు కవచం. అందుకే ఏడో నెలలో నొప్పులు మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా దవాఖానకు రావాలి.

మూడోది గడప దగ్గరికొచ్చే ఆశా కార్యకర్త. మన పొరుగు రాష్ట్రం మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ ఇంటింటికీ వెళ్లి పసిబిడ్డలను చూసే పద్ధతితో నవజాత మరణాలను 62 శాతం తగ్గించి, 1999లో లాన్సెట్‌లో ప్రకటించారు. ఆ పద్ధతే 2011లో దేశవ్యాప్త కార్యక్రమం అయింది. దవాఖానలో కాన్పయిన బిడ్డను ఆశ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో చూడాలి. ఆమె వచ్చినప్పుడు బిడ్డ నిద్రపోతోందని గడపలోంచే పంపేయకండి. బట్ట విప్పి పొట్ట చూపించండి.

డబ్బు భయంతో ఆగనక్కర్లేదు. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్ష కింద సర్కారు దవాఖానలో జబ్బుపడిన పసిబిడ్డకు చికిత్స, మందులు, రానూపోనూ బండి ఉచితం. ఆరోగ్యశ్రీ కింద ఉచిత చికిత్స పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగింది. 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది.

సిద్దిపేట జిల్లా తల్లులకు, అమ్మమ్మలకు, నానమ్మలకు చివరిగా ఒక విన్నపం. పుట్టిన రోజే మలద్వారం ఉందో లేదో నర్సును అడిగి చూడండి. 24 గంటల్లో నల్ల విరేచనం కాకపోతే, పసరు కక్కితే, పొట్ట ఉబ్బి బిగిస్తే, విరేచనంలో నెత్తురు పడితే, పాలు తాగే బిడ్డ ఒక్కసారిగా మానేసి మగతగా పడి ఉంటే, వీటిలో ఏ ఒక్కటి కనబడినా తమలపాకు తొడిమ, ఆముదం, వసకొమ్ము జోలికి పోకండి. ఇంకో పూట చూద్దామని ఆగకండి. బిడ్డను గుండెకు హత్తుకుని, వెచ్చగా కప్పుకుని, అదే గంటలో దవాఖానకు బయలుదేరండి.